మూలన పడున్న మిషన్ మీద దుప్పటి ఒకసారి తీయండి

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఉంది కదా, వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను. ఇందాకట్నుంచి ఈ బల్ల పక్కన దుప్పటి కప్పి పెట్టింది ఏంటా అని చాలామంది చూస్తున్నారు. అది మా అమ్మ కుట్టు మిషన్ అండి, మా అబ్బాయి పొద్దున్నే ఆటోలో వేసి తీసుకొచ్చాడు. స్టాండు పోత ఇనుము, ఇద్దరు పట్టుకుంటే గానీ దిగలేదు. చివర్లో దాంతో పని ఉంది, అప్పటిదాకా అలా ఉండనిద్దాం.

ముందే చెప్పేస్తున్నాను, నేను టైలర్ని కాదు. ముప్పై ఏళ్ల పైన పోస్టాఫీసులో పనిచేశాను. కుట్టడం నాకు ఇష్టం, అంతే. ఆదివారాలు, సెలవులు, రాత్రి వంటయ్యాక ఒక గంట, అలా కుట్టుకుంటూ వచ్చినదాన్ని. టైలరింగ్ చేసి ఇల్లు నడిపేవాళ్లు ఈ హాల్లో ఉన్నారు, వాళ్ల చేతిలో ఉండే వేగం నాకు ఈ జన్మకి రాదు, కాబట్టి వాళ్లకి నేర్పడానికి కాదు వచ్చింది. నేను మాట్లాడేది ఇంట్లో మిషన్ ఉండి కూడా దాన్ని ముట్టుకోనివాళ్ల కోసం. మన తెనాలిలో ఏ వీధికి వెళ్లినా నాలుగిళ్లకో నల్ల మిషన్ ఉంటుంది, దాని మీద టీవీ పెడతారు, ఇస్త్రీ బట్టలు పెడతారు, ఫోన్ ఛార్జింగ్ పెడతారు, అడిగితే "అది పాడైపోయిందండీ" అంటారు. పాడవలేదండి. నేను విప్పి చూసినవాటిలో చాలా వరకు నిజంగా పాడవలేదు.

మా అమ్మ దీన్ని 1978లో వాయిదాల మీద కొంది, నేను అప్పుడు తొమ్మిదో క్లాసు. నెల నెలా షాపతను వచ్చి కార్డు మీద సంతకం పెట్టి డబ్బు తీసుకెళ్లేవాడు. తర్వాత చదివితే తెలిసింది, ఈ వాయిదాల పద్ధతిని పెద్ద ఎత్తున నడిపించిందే కుట్టు మిషన్ కంపెనీ, సింగర్ వాళ్లు అమెరికాలో 1850ల్లోనే మొదలుపెట్టారట. అప్పట్లో మామూలు ఇంటికి మిషన్ ఒకేసారి డబ్బు కట్టి కొనేంత తేలిక వస్తువు కాదు. మా ఇంటికీ కాదు. అమ్మది ఉషా మిషన్. ఆ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు, 1930ల్లో కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ వాళ్లు మన దేశంలోనే మిషన్లు చేయడం మొదలుపెట్టినప్పుడు ఆ కంపెనీ ఆయన తన కూతురి పేరు పెట్టారట. అమ్మకి ఇది తెలిసుంటే సంతోషించేది, ఎందుకంటే ఆవిడ మిషన్‌ని "మా ఉష" అనే అనేది, ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉన్నట్టు.

అమ్మకి కళ్లు తగ్గాక మిషన్ మూలకి చేరింది. ఒకసారి చక్రం బరువుగా తిరుగుతోందని ఆయిల్ వేద్దామనుకున్నాను, ఇంట్లో మిషన్ ఆయిల్ లేదు, కొబ్బరి నూనె వేశాను. నూనె నూనే కదా అనుకున్నాను. ఇది నేను చేసిన పెద్ద తప్పు, దయచేసి ఎవరూ చేయొద్దు. కొబ్బరి నూనె మొదట బాగానే తిప్పుతుంది, నెలలు గడిచేకొద్దీ గాలికి చిక్కబడి బంకలాగా తయారవుతుంది, దానికి దుమ్ము, దారం పీచు అంటుకుంటాయి. రెండేళ్ల తర్వాత చక్రం అసలు కదల్లేదు. ఒక షాపులో అడిగితే ఆయన మిషన్ మూత కూడా ఎత్తకుండా "పాతదమ్మా, ఇనుము ధరకి ఇచ్చేసి కొత్తది తీసుకెళ్లండి" అన్నాడు. నేనూ నమ్మేశాను. అమ్మడానికి మాత్రం చెయ్యి రాక దుప్పటి కప్పి ఉంచాను.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మాస్కులు దొరకడం లేదు, మన రాష్ట్రంలో మనిషికి మూడేసి మాస్కులు ఇవ్వాలని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల చేత కుట్టిస్తున్నారు, మా వీధిలో ఇద్దరు ఆ పని చేస్తున్నారు, రాత్రి పదింటిదాకా వాళ్ల మిషన్ చప్పుడు మా ఇంటికి వినపడేది. నా దగ్గర గుడ్డ ఉంది, టైం ఉంది, మిషన్ ఉంది, తిరగదు. షాపులన్నీ మూత. అప్పుడు దుప్పటి తీశాను.

పక్కింటి బాబాయిగారి దగ్గర సీసాలో కొంచెం కిరసనాయిలు ఉంటే తెచ్చుకుని, పొయ్యికి దూరంగా వరండాలో పెట్టుకుని, ఆయిల్ వేసే ప్రతి బొక్కలో రెండేసి చుక్కలు వేశాను. రాత్రంతా వదిలేశాను. పొద్దున చక్రం పట్టుకుంటే పావు అంగుళం కదిలింది. మళ్లీ చుక్కలు, మళ్లీ వెనక్కీ ముందుకీ. రెండో రోజు సాయంత్రానికి ఒక చుట్టు పూర్తిగా తిరిగింది, లోపల్నుంచి బెల్లం పాకం లాంటి గోధుమరంగు బంక కారింది, పాత బనియన్ గుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత సూది కింద ఉండే రేకు, దాని స్క్రూలు రెండూ విప్పి ఎత్తాను. గుడ్డని వెనక్కి జరిపే పళ్లు ఉంటాయి కదా, వాటి మధ్య పీచంతా ఒత్తుకుపోయి దళసరి కంబళి ముక్కలాగా ఊడొచ్చింది. అందులో రంగులు కూడా కనపడుతున్నాయండి, ఎర్రది, ఆకుపచ్చది, మా స్కూల్ యూనిఫాం నీలం. నలభై ఏళ్లు ఆవిడ కుట్టిన గుడ్డల పీచు అది. నేను పారేయలేకపోయాను, చిన్న డబ్బాలో పెట్టాను, ఇప్పటికీ ఉంది.

తోలు బెల్టు సాగిపోయి జారుతుంటే అర అంగుళం కత్తిరించి మళ్లీ ఆ ఇనుప క్లిప్పు వేసి బిగించాను. ఆ తర్వాత అసలైన మిషన్ ఆయిల్ సంపాదించి వేశాను, నీళ్లలా తెల్లగా పల్చగా ఉంటుంది చూడండి, అదే. తొక్కితే పరుగెత్తింది. సంతోషంగా గుడ్డ పెట్టి ఒక కుట్టు వేశాను, పైన చూస్తే చక్కగా ఉంది, కిందకి తిప్పి చూస్తే దారం ఉండలు ఉండలు, పిచ్చుక గూడులాగా.

ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే మిషన్ పక్కన పెట్టేసేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కింద ఉండ కడితే అందరూ ఏం చేస్తారు? కిందున్న బాబిన్‌ని, అంటే కింద దారం చుట్టి ఉండే చిన్న రీలుని, అనుమానిస్తారు. బాబిన్ మళ్లీ చుడతారు, బాబిన్ కేసు మారుస్తారు, దాని స్క్రూ ఇటు తిప్పుతారు అటు తిప్పుతారు, ఆఖరికి ఉన్నది కూడా చెడగొట్టుకుంటారు. నేనూ మూడు గంటలు అదే చేశాను. కింద ఉండ కడితే తప్పు మామూలుగా పై దారానిదండి. ఎందుకో చెప్తాను.

చేత్తో కుట్టేటప్పుడు సూది మొత్తం గుడ్డలోంచి దూరి అవతలికి వెళ్తుంది, మళ్లీ ఇవతలికి వస్తుంది, దారం బొక్క సూది తోకలో ఉంటుంది. మిషన్ సూదికి బొక్క మొన దగ్గర ఉంటుంది. అలాంటి సూదితో రెండు దారాల కుట్టు వేసే మిషన్‌కి ఇలియాస్ హోవే అనే ఆయన 1846లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు, ఈ రోజుకీ మన ఇళ్లలో మిషన్లన్నీ అదే పద్ధతి. సూది గుడ్డలోకి దిగి కొంచెం పైకి లేవగానే దారం వెనకవైపు చిన్న ఉచ్చులాగా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి కింద తిరిగే కొక్కెం వచ్చి ఆ ఉచ్చుని పట్టుకుని, వెడల్పు చేసి, బాబిన్ మొత్తాన్ని ఆ ఉచ్చులోంచి దాటిస్తుంది. అంటే కింద దారం గుడ్డ పైకి రాదు, పై దారమే కిందకెళ్లి కింద దారం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి పైకి వస్తుంది. అలా తిరిగొచ్చిన పై దారాన్ని గుంజి బిగించేది మిషన్ ముందు పైకీ కిందకీ ఊగే, దారం దూరే బొక్క ఉన్న ఆ చేయి, దాన్ని గట్టిగా పట్టి ఉంచేది టెన్షన్ బిళ్లలు. దారం ఆ రెండు బిళ్లల మధ్యకి వెళ్లలేదనుకోండి, గుంజేవాడు లేక కిందకెళ్లిన దారమంతా కిందే ఉండిపోతుంది. అదే మన పిచ్చుక గూడు.

బిళ్లల మధ్యకి ఎందుకు వెళ్లదంటే ఫుట్టు, అంటే గుడ్డని పైనుంచి అదిమిపట్టే ఆ ఇనుప పాదం, కిందకి దించి దారం ఎక్కిస్తాం కాబట్టి. ఫుట్టు దిగి ఉంటే బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి అంచు మీద కూర్చుంటుంది, చూడటానికి ఎక్కినట్టే ఉంటుంది. ఫుట్టు పైకెత్తి ఎక్కించాలి. అంతేనండి. నా మూడు గంటల కష్టానికి మందు అది, నాకు ఎవరైనా అప్పుడు చెప్పి ఉంటే బాగుండేదని ఇవాళ మీకు చెప్తున్నాను.

సూది గురించి కూడా ఒక మాట. ఇంటి మిషన్ సూది తల ఒకవైపు చదునుగా ఉంటుంది, దానికి ఎదురువైపు పొడుగునా సన్నటి గాడి ఉంటుంది, గోరుతో గీరితే తెలుస్తుంది. దారం గాడి ఉన్న వైపు నుంచి ఎక్కించాలి, చదును వైపు కొక్కెం వచ్చే వైపుకి ఉండాలి. తిరగేసి పెడితే ఎంత తొక్కినా కుట్టు పడదు, మనం మిషన్ పోయింది అనుకుంటాం. పెద్ద పవర్ మిషన్ల సూది తల గుండ్రంగా ఉంటుంది, అది ఇంటి మిషన్‌కి పనికిరాదు, షాపులో అడిగేటప్పుడు చూసుకోండి. నంబర్లు కూడా గుడ్డని బట్టి, పట్టు, జార్జెట్ లాంటివాటికి 11, మామూలు నూలు గుడ్డకి 14, జీన్సుకి 16 లేదా 18. ఒకే సూదితో ఏళ్ల తరబడి కుట్టి, గుడ్డ లాగుతోంది, కుట్టు ఎగిరిపోతోంది అని బాధపడతాం. మా అమ్మ కూడా సూది విరిగితే తప్ప మార్చేది కాదు, ఆ రోజుల్లో అది పొదుపు.

ఇదంతా తెలిశాక నాకు మిషన్ అంటే భయం పోయింది. తర్వాత ఒక చిన్న మోటారు మిషన్ కూడా కొనుక్కున్నాను, జిగ్‌జాగ్, కాజాలు, పీకో చేసేది, ఉషా వాళ్లు జపాన్ జనోమీ వాళ్లతో కలిసి చేసేది. జనోమీ అంటే జపాన్ భాషలో పాము కన్ను అట, గుండ్రటి బాబిన్ వాళ్లకి అలా కనపడింది. నాకు ఆ పేరు తెలిసినప్పట్నుంచి బాబిన్‌ని చూస్తే అదే గుర్తొస్తుంది. బాగుంటుంది ఆ మిషన్, తేలిక, కానీ ఆరు మడతల గుడ్డ పెడితే మూలుగుతుంది. అమ్మ మిషన్ మూలగదు.

కుట్టినవాటి గురించి చెప్పమన్నారు నిర్వాహకులు. మాస్కుల తర్వాత సంచులు. 2022 జూలై ఒకటి నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతా ఆపేశారు కదా, దాని ముందూ వెనకా మా చుట్టాలందరికీ గుడ్డ సంచులే ఇచ్చాను. సంచిలో కిటుకు ఏంటంటే చేతి పట్టీలు గుడ్డ నిలువున కత్తిరించాలి, అంటే పడుగు వైపు. నేతలో పడుగు దారాలు మగ్గం మీద బిగించి లాగి ఉంటాయి, అవి అంతగా సాగవు. అడ్డంగా, అంటే పేక వైపు కత్తిరిస్తే రెండు కిలోల ఉల్లిపాయలు వేసేసరికి సాగి మోకాళ్ల దాకా వేలాడతాయి. పట్టీ అతికే చోట చదరంగా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టండి, సంచి గుడ్డ చిరిగినా పట్టీ ఊడదు. మా వారి పాత జీన్సు ప్యాంట్లతో కూడా చేశాను, అక్కడ మడతల మీద మడత వచ్చే చోట ఫుట్టు ఏటవాలుగా లేచి సూది విరుగుతుంది, దానికి ఫుట్టు వెనక మరో గుడ్డ మడిచి పెట్టి ఎత్తు సమం చేసి, కాలు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ నాలుగు కుట్లూ దాటించాలి.

జాకెట్ల గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడ నాకన్నా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కటి మాత్రం. మా అక్క కూతురు తన పెళ్లిలో కట్టుకునే గద్వాల చీర మీదకి జాకెట్టు నేనే కుడతానని పట్టుబట్టి కుట్టాను. చంక దగ్గర, భుజం దగ్గర అద్దినట్టు కుదిరింది, అందరూ మెచ్చుకున్నారు. మొదటిసారి తడిపాక లోపల లైనింగ్ కుంచించుకుపోయింది, పైగుడ్డ కుంచించుకోలేదు, ముందు భాగమంతా ముడతలు పడి పైకి లాక్కుంది. ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు, బీరువాలో పెట్టేసింది. లైనింగ్ గుడ్డని కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయాలని తెలియక కాదండి, తెలిసే, పెళ్లి దగ్గర పడిందని తొందరపడ్డాను. మళ్లీ ఆర్నెల్ల తర్వాత ఆ జాకెట్టు అడిగి తెచ్చుకుని, కుట్టంతా విప్పి, తడిపిన లైనింగ్ వేసి ఇచ్చాను. కుట్టడానికి ఒక రోజు, విప్పడానికి రెండు రోజులు పట్టింది. అంచుల దగ్గర జరీ పీచు లేవకుండా ఒక్కో కుట్టూ సూది మొనతో ఎత్తి తెంపాలి. మంగళగిరి గుడ్డయినా, పెడన కలంకారీ అయినా అంతే, ముందు తడపండి, కలంకారీని విడిగా తడపండి, రంగు ఎంత వదులుతుందో చూసుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఇదిగో, ఈ బొంత. ముందు వరుసలోవాళ్లు పట్టుకుని చూసి వెనక్కి ఇవ్వండి, తిప్పి చూడండి, కింద వైపు కూడా చూడాలి.

బొంత మనందరికీ తెలిసిందే, పాత నూలు చీరలు పొరలు పొరలుగా పేర్చి సూదీదారంతో కుట్టేది. ఇప్పుడు ప్యాచ్‌వర్క్ అనీ క్విల్టింగ్ అనీ క్లాసులు పెట్టి నేర్పుతున్నారు, మంచిదే, నేనూ వీడియోలు చూశాను, కానీ మన ఊళ్లలో ఆడవాళ్లు చేతికొచ్చిన విద్యగా చేసినది ఇదే కదా అని నాకు ఉంటుంది. అమ్మ పోయాక ఆవిడ నూలు చీరలు పదకొండు మిగిలాయి. నేను అమ్మ మిషన్ మీదే బొంత కుట్టాలని గట్టిగా అనుకున్నాను. ఐదు పొరలు పేర్చి, 18 నంబరు సూది వేసి, కుట్టు పొడుగు పెంచి మొదలుపెట్టాను. మిషన్‌కి శక్తి ఉంది, గుచ్చింది, కానీ ఇంకో ఇబ్బంది వచ్చింది. కింద పళ్లు కింది చీరని వెనక్కి లాగుతాయి, పైన ఫుట్టు పై చీరని ముందుకి నెడుతుంది, నాలుగడుగులు కుట్టేసరికి పై చీర అరచెయ్యంత ఎక్కువ మిగిలి ముడత పడింది. అంచునుంచి మొదలుపెట్టడం నా తప్పు. విప్పి, నేల మీద పరిచి, అన్ని పొరలకీ జానెడేసి దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసి, మధ్యలోంచి బయటికి కుట్టాను. ముడత పోయింది. అయినా నచ్చలేదు. మిషన్ కుట్టు దగ్గర దగ్గరగా బిర్రుగా పడుతుంది, రెండు దారాలు ఒకదాన్నొకటి బిగించుకుంటాయి, బొంత గోనెపట్టాలాగా నిలబడింది, ఒంటికి ఒదగలేదు. బొంత అంటే ఒదగాలి కదండీ, చంటిపిల్ల చుట్టూ చుడితే చుట్టుకుపోవాలి.

మళ్లీ విప్పాను. ముక్కలు అతకడం, అంచు పట్టీ వేయడం వరకు మిషన్, లోపల పొరలు పట్టే కుట్టంతా చేతి సూదితో. నాలుగు నెలలు పట్టింది. లోపల చిరిగిపోయిన చీరలు, పైనా కిందా ఆవిడ బాగా కట్టుకున్నవి రెండు. గంజి పూర్తిగా పోయేదాకా నాలుగు సార్లు ఉతికాను, పాలిస్టర్ చీర ఒక్కటి కూడా కలపలేదు, అది చెమట పీల్చదు, నూలుతో పాటు ముడుచుకోదు. ఆ మూల దగ్గర చూడండి, ఎర్ర దారంతో చిన్న రఫ్ఫు ఉంటుంది, అది నాది కాదు, అమ్మ ఎప్పుడో మేకు తగిలి చిరిగితే చేసుకున్నది. దాన్ని పైకే ఉంచి కుట్టాను.

గాంధీగారు యంత్రాల గురించి ఎంత గట్టిగా మాట్లాడేవారో మనకి తెలుసు, 1924లో ఆయన్ని ఒకరు అడిగితే సింగర్ కుట్టు మిషన్‌ని మాత్రం మినహాయించారు. చేతి పనా మిషన్ పనా అని నన్ను అడిగేవాళ్లకి నేను ఈ బొంతే చూపిస్తాను, రెండూ ఇందులో ఉన్నాయి, ఏది ఎక్కడ నప్పుతుందో గుడ్డే చెప్తుంది.

అమ్ముతారా అని చాలామంది అడుగుతారు, ఇందాక గేటు దగ్గర కూడా ఒకమ్మ అడిగారు. లేదండి. సంచులు ఇస్తాను, బొంతలు మా ఇంట్లో పుట్టిన పిల్లలకి ఇస్తాను. నెలల పనికి ధర కడితే కొనేవాళ్లు ఉండరు, కొనే ధరకి ఇస్తే రోజూ ఈ పని చేసి బతికేవాళ్ల ధర నేను చెడగొట్టినట్టు అవుతుంది. ఉద్యోగం, పెన్షన్ ఉన్నదాన్ని, నేను ఆ పని చేయకూడదు అనిపిస్తుంది. ఇందులో వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు ఉండొచ్చు, తర్వాత మాట్లాడుకుందాం.

గుడ్డ ఎక్కడ కొంటారని కూడా అడిగారు. తెనాలి నుంచి రైలెక్కి విజయవాడ వన్‌టౌన్, వస్త్రలత అనే బట్టల మార్కెట్‌కి వెళ్తాను, కానీ సగం గుడ్డ మా వీధి టైలర్ల దగ్గర మిగిలిన ముక్కలే. అడిగితే సంచి నింపి ఇస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లకి ఒక సంచి కుట్టి ఇవ్వండి.

సరే, ఇప్పుడు ఆ దుప్పటి తీద్దాం. బాబూ, ఆ కొస పట్టుకో. ఇదిగో అండి, బంగారు పూలు కొంచెం చెరిగాయి, చెయ్యి ఆనిన చోట. బాబిన్ నిండుగా ఉంది, సూది 14 పెట్టాను. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి, ఇందాక బొంతని తిరగేసి తిరగేసి చూసింది, నువ్వేనమ్మా, రా. ఇంట్లో మీ నాయనమ్మ మిషన్ ఉందన్నావు కదా పొద్దున. ఇదిగో రీలు. ముందు ఫుట్టు పైకెత్తు. ఆఁ, ఇప్పుడు ఎక్కించు.